గుండ్రటి కాగితం

బార్మేర్ ఇసుకల నాకు సదువు చెప్పింది
ఒక గుండ్రటి కాగితం.
ప్యానెల్ డబ్బాల బిగిస్తే
దినానికి ఒక్క సుట్టు తిరిగేది.
నాలుగు వేల ఫీట్ల కింద,
అన్నం ఉడికేంత వేడిల,
మోటరు ఎట్లున్నదో
సన్న ముల్లు ఎర్ర సిరాతోని రాస్తనే ఉండేది.

గీత నున్నగ సాగితే నూనె వస్తున్నట్టు.
జరమొచ్చిన పోరని చెయ్యి లెక్క వణికితే
పంపు గొంతుల గ్యాసు చిక్కినట్టు.
నిట్టనిలువున కిందికి పడ్డదా,
ఇగ రిగ్గుకు ఫోన్ కొట్టాలె,
పైపు మీద పైపు ఇప్పాలె,
కేబులు కమురు వాసన మూడు రోజులు అన్నంల గూడ.

ధోలకియా సాబ్ అనెటోడు, డిజైన్ కాగితాలు ముందటేసుకొని:
నీకెంత కావాల్నో నన్నడగకు,
బావి ఎంతిస్తదో బావినడుగు.

ఆరేండ్లకు కొండమల్లేపల్లికి తిరిగొచ్చిన.
సాగర్ రోడ్డు మీద రేకుల షెడ్డు,
జహంగీర్ మోటర్ వైండింగ్.
ఇక్కడ నూనె లేదు, రాయి ఉన్నది.
రాతి నెర్రెలల్ల ఏ కాలంనాటియో నీళ్లు.
మోటరు మాత్రం అదే జాతి:
సన్నగ, పొడుగ్గ,
ఎండ మొకం సూడని బతుకు.

బయటికి తీస్తే
ఇంపెల్లర్లు సున్నం పట్టి తాంబూలం డబ్బి లెక్క,
బుష్షులు అరిగి గజ్జెల లెక్క.
గాడి గాడిల ఒక్కొక్క సుట్టు వైరు గుంజేది మా రజియా.
ఆమె లెక్కవెట్టేటప్పుడు పలకరిస్తే
మళ్ల ఒకటి నుంచి.
అందుకే మా షెడ్డుల ఎవ్వరం ఎక్కువ మాట్లాడం.

ఎండకాలం నడుమ నేనావత్ ఝమ్కు వచ్చింది,
ట్రాలీ ఆటోల కాలిన మోటరు ఏసుకొని.
ఈ ఏడు ఇది మూడోసారి.
ముందుగాల అయిదు హెచ్‌పీ, ఎవలో చెప్తే ఏడున్నర,
ఇప్పుడు పన్నెండున్నర కావాలంటది.
"నీళ్లు ఉన్నయ్ భాయ్, మోటరుకే బలం లేదు."

తండాకు పోయిన.
రెండొందల లీటర్ల డ్రమ్ము, గడియారం, టాంగ్ టెస్టరు.
పక్కపొలం మోటరు అడిగి దింపినం.
ఆన్ చేస్తే పదకొండు ఆంపియర్లు.
పైపుల నీళ్లు దబదబ, ఝమ్కు మొకంల నవ్వు.
పన్నెండో నిమిషంల ముల్లు వణికింది.
పైపు దగ్గింది, గాలి తుమ్మింది.
పదకొండు తొమ్మిదాయె, తొమ్మిది ఆరాయె.
నేనే గుంజి బంద్ చేసిన.

ఎట్ల చెప్పాలె?
సిమెంటు సంచి మీద బొగ్గుతోని గుండ్రం గీసిన,
లోపల ఆ వణుకుడు గీసిన.
వంగి సూసింది.
"బర్రె పాలు పిండినట్టే గదా" అన్నది,
"సేపిందాక ఆగాలె.
ఆగకుంట గుంజితే నెత్తురొస్తది."

ఆరేండ్ల ఇసుక, ధోలకియా సాబ్ కాగితాలు,
నా చేతుల బొగ్గుముక్క.

మూడు హెచ్‌పీ పెడ్దామన్న.
ఇరవై నిమిషాలు నడిపి నలభై నిమిషాలు ఆపే టైమరు.
అడుగుకు అరవై ఫీట్లు పైన ఏలాడదీద్దామన్న, బురద తాగకుంట.
"చెట్లన్నిటికి పారుతదా?"
"సగానికే."
ఏం మాట్లాడలే.
మూడొందల బత్తాయి చెట్లు.
సాల్లల్లకు పోయింది, చానాసేపు రాలే.
ఎన్నిటికి ఏం చెప్పొచ్చిందో
నేనడగలే.

వానలు మొదలైనంక ఆ దిక్కు పోయిన,
వేరే బోరుల జారిపడ్డ పంపు కోసం. అది దొరకలే,
ఎనిమిది పైపులతోని అక్కడ్నే వదిలేసినం.
తిరిగొస్త ఝమ్కు స్టార్టర్ డబ్బా తెరిసిన,
కాంటాక్టులు తుడిసిపోదామని.

తలుపు లోపట అంటుకవెట్టి ఉన్నది
టిఫిన్ కాగితపు పళ్లెం, గుండ్రటిది.
అంచు పొంటి సుట్టూ బొగ్గుగీతలు,
దినానికొక్కటి,
ముల్లు వణికిందాక ఎంతసేపో అంత పొడుగు.
జానెడు, జానెడు, బెత్తెడు,
రెండేళ్లు, రెండేళ్లు,
ఒకటైతే గీత కూడ కాదు, సుక్క.

దాని పక్కది
పళ్లెం సాలక
రేకు మీదికి సాగింది.