మూడో బెల్లు

తాళంచెవి ఎవరి దగ్గరా లేదు.
గొళ్ళేన్నే ఊడబెరికాడు ఏసోబు.
లోపల గబ్బిలాల కంపు,
ఎవరో దాచి మరిచిపోయిన పొగాకు బేలు,
ఒక మేక, దాని రెండు పిల్లలు.
అవి లేవలేదు.
ఆరాధనకి ఆలస్యంగా వచ్చినవాళ్ళని
చూసినట్టు చూశాయి మమ్మల్ని.

పామూరు రోడ్డు మీద కొత్త చర్చి లేచి
పద్దెనిమిదేళ్ళు.
దానికి టైల్సు, సీరియల్ లైట్లు, రెండంతస్తుల శిలువ.
దీనికి దొరల కాలపు రాతిగోడలు:
కరువులో కూలికి బదులు
జొన్నలు కొలిపించుకుని
మా ముత్తాతలు మోసిన రాళ్ళు.
కింద మార్కాపురం పలకరాయి.
ఉత్త కాళ్ళతో నిలబడితే ఇప్పటికీ
ఒకటో తరగతి పలకంత చల్లన.

పరాయి ఊళ్ళ స్టేజీల మీద
పదిహేనేళ్ళు భటుడి వేషాలు కట్టిన ఏసోబుకి
ఇక్కడ నాటకశాల కావాలి.
నేను వడ్రంగిని. నాక్కావలసింది కొలతలు.
పొడుగు ముప్పై ఆరు, వెడల్పు పద్దెనిమిది.
ప్రసంగ వేదిక దగ్గర పలకలు లేపితే
బాప్తిస్మం తొట్టి బయటపడింది,
అడుగున సున్నపు పెచ్చులు,
ఎండి అట్టైన కప్ప.

"ప్రాంప్టరు కూచోడానికి కొలిచి కట్టినట్టుంది!"
అన్నాడు ఏసోబు. నవ్వాం.
సువార్తమ్మ నవ్వలా.

"నన్ను ముంచింది దాంట్లోనేరా అబ్బయా.
అంకిగా దిగా.
సువార్తమ్మగా లేచా.
ఇప్పుడు మీరు మొహాలకి రంగులు పూసుకోని
దిగతారా దాంట్లోకి?"

ఎవరమూ మాట్లాడలేదు.
నా చేతిలో టేపు
సర్రున లోపలికి చుట్టుకుపోయింది.

నాలుగు రోజులు ఇటు రాలేదామె.
ఐదో రోజు చంకలో చాపతో వచ్చింది,
తొట్టి వైపు చూడకుండా గోడ వైపు చూసింది.
నల్లరంగు మూడు పూతలేసినా
పాత వాక్యం అక్షరాలు ఉబ్బి కనపడతానే ఉన్నాయి.
"ఉండనియ్యండి, అయ్యేం చేశాయి మిమ్మల్ని" అంది.
తర్వాత, చాప పరుచుకుంటూ,
"డప్పుంటదా మీ నాటకంలో?"

ఉంటుందన్నాం, భయంభయంగా.

ఆమె తాత కూడా అదే రోజు మునిగాడట.
ముందురోజు రాత్రి డప్పు చీల్చి
పొయ్యిలో పెట్టాడట.
పీనుగల ముందు, పెద్దోళ్ళ పెళ్ళిళ్ళ ముందు,
చాటింపులకీ జాతర్లకీ
పిలిస్తే పోయిన చేతులు,
ఇంక రామన్నందుకు
రచ్చబండ కాడ దెబ్బలు తిన్న చేతులు.

"మంచోడు. ఒక్క ఆదివారం మానలా.
కానీ నిద్దట్లో
నులకమంచం పట్టె మీద ఆయన వేళ్ళు ఆడేయి.
టకు టకు టకు.
ఎవురూ పిలవకుండా, ఎవురి ముందరా కాకుండా
ఒక్కసారి కొట్టుకోవాలని ఉండేదేమో.
నాకేం తెల్సు, చిన్నదాన్ని.
పక్కన పండుకోని వినేదాన్ని."

శనివారం రాత్రి ఊళ్ళోంచి జనం వచ్చారు.
ఓట్లప్పుడు తప్ప పాలెంలోకి దిగనివాళ్ళు.
గుమ్మం దగ్గర
చెప్పులు విప్పాలో వద్దో తెలీక తచ్చాడారు.
మేమేం చెప్పలేదు.
కొందరు విప్పారు. కొందరు ఇప్పటికీ బయటే,
బీడీలు తాగుతూ.

గంటకి పగులుంది.
మొదటి బెల్లు రేకు మీద గరిటె కొట్టినట్టు మోగింది.
రెండోదానికి గబ్బిలాలు లేచాయి,
పిల్లలు ఈలలేశారు.
మూడో బెల్లుకి
"తాడిటియ్యి" అంది సువార్తమ్మ.

లైట్లు తీసేశాం.
చుట్టూ అరవై డెబ్భై మంది ఊపిరి.
వెనక తలుపు దగ్గర ఓబేదు,
గడ్డిమంట మీద కాచి తెచ్చిన డప్పుతో.
తోలు వేడి, పొగ వాసన
అతనికంటే ముందే లోపలికొచ్చేశాయి.
అతను మాత్రం గడప అవతలే
ఎందుకో ఆగాడు.

"రారా," అంది చీకట్లో,
"ఆడే నిలబడతావేంది?"

తాడు లాగింది.