కిలో లెక్కన

కర్నూలు షోరూములో చూసినాను దాన్ని.
నీలం రంగు. తాకితే వేలిముద్ర పడేంత కొత్త.
సేల్సు పిల్లోడు స్విచ్చి నొక్కితే
పక్కింట్లో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు
సన్నగా ఒక చప్పుడు, అంతే.
"సింగిల్ ఫేజు చాలు సార్. ఏడాది గ్యారంటీ.
నెలనెలా కట్టుకోవచ్చు."
బల్ల మీద పిడికిలితో కొట్టి చూసినాను.
పిండి డబ్బా మూత పలికినట్టు పలికింది.
పిల్లోడు నవ్వినాడు. వాడి తప్పేముంది.

రెండోది ఆదోనిలోనే ఉంది,
మూతబడ్డ జిన్నింగు మిల్లు వెనక షెడ్డులో,
దూదిపోగులు ఇంకా వేలాడే దూలాల కింద.
పోత ఇనుము. బండిచక్రమంత చక్రాలు,
మీదొకటి, కిందొకటి.
నడుము మీద ఉబ్బెత్తుగా ఇంగ్లీషు అక్షరాలు,
నడిమధ్య ఒకటి విరిగిపోయింది,
ఏ ఊరిదో ఇంక ఎవరూ చదవలేరు.
దాని బల్ల మీదా పిడికిలితో కొట్టినాను.
అది పలకలేదు.
నా చెయ్యి నొచ్చింది.

సుంకులమ్మ లెక్కలు తీసింది.
"త్రీఫేజు మీటరుకెంత? గుంత తవ్వల్ల, కాంక్రీటు పొయ్యల్ల,
బాడుగ అంగట్లో గుంత తవ్వితే సేటు ఊరుకుంటాడా?
నువ్వు కోసేదేమి, మంచంకోళ్లు, దర్వాజాలు.
వారానికొక కాడిమాను వస్తే ఎక్కువ.
కొత్తది తెచ్చుకోప్పా.
అంగట్లో ముసలోడు ఒకడుంటే చాలదా?"

నరసోజి తాతను స్కూటరెనక కూర్చోబెట్టుకొని పోయినాను.
తాత ఏమీ మాట్లాడలేదు.
మీది చక్రాన్ని అరచేత్తో ఒక్క తోపు తోసి
బీడీ ముట్టించినాడు.
బీడీ సగమయ్యేదాకా అది తిరుగుతానే ఉంది.
అప్పుడు ఎడమచెయ్యి ఎత్తి చూపించినాడు,
రెండు వేళ్లు కణుపుల కాడికి లేవు.
"ఇదే తినిందా తాతా?"
"ఇది కాదులే. దీని చెల్లెలు. గుంతకల్లు షెడ్డులో.
పాపం దానిదేం లేదు. ఆ పొద్దు నేనే నిద్రలో ఉంటి."
మళ్లీ కొంచెం సేపటికి అన్నాడు,
"లోపల బేరింగులు కరిగించి పోసేవి.
నాకొచ్చు ఆ పని.
నా తర్వాత ఎవరికొస్తాదో నాకు తెలీదు."
అని చక్రాన్ని చూసినాడు. నన్ను కాదు.

పాతినుము షేక్షావలిది వేరే చూపు.
"ఏ దేశందో, ఎన్నేండ్లదో నాకొద్దు మద్దిలేటీ.
ఇనుము ఇనుమే. కిలో ముప్పై ఎనిమిది."

మూడు రాత్రులు నిద్ర పట్టలేదు.
నడస్తా ఉంటే దాని గొంతెట్లుంటాదో కూడా నేను వినలేదు.
కొత్తదాని గొంతు విన్నాను, మరిచిపోయినాను.
పొద్దున్నే సుంకులమ్మతో చెప్తి, పాతదే అని.
ఎందుకు అనింది.
"పోత ఇనుముకు తొందరుండదు" అంటి.
"అప్పిచ్చినోళ్లకు ఉంటాది" అనింది,
అని చీర కొంగు ముడి విప్పింది.

ఖాళీ లారీని ముందే తూచినాం.
గొలుసులేసి, క్రేనుతో ఎత్తి, దింపి,
పత్తి యార్డు పక్కన కాటా మీదికి ఎక్కించినాం.
ఒరుగుతాదేమో అని
నేను పైనే నిలబడి దాన్ని కరుచుకొని ఉన్నాను.
చీటీ వచ్చింది. డబ్బు ఎంచి ఇచ్చినాను.

తిమ్మారెడ్డి బస్టాండు దాటినాక
సుంకులమ్మ కేబిన్‌లోనుంచి తల బయట పెట్టి అరిచింది,
"కాటా మీద నువ్వు దిగినావా?"

దిగలేదు.
అరవైనాలుగు కిలోలు.
ముప్పై ఎనిమిది లెక్కన రెండువేల నాలుగొందల ముప్పైరెండు.
నన్ను నేనే కొనుక్కుంటి, తుప్పుతో సహా.

షేక్షావలి సగం తిరిగిచ్చినాడు,
మిగతా సగానికి టీ తాగిస్తానన్నాడు.

మిషను అంగడి ముందర పట్ట కప్పుకొని ఉంది.
పిల్లకాయలు చక్రం తిప్పి పరుగెత్తిపోతారు.
సేటుకింకా గుంత మాట చెప్పలేదు.
రేపు చెప్పల్ల.