ఒక వారం పత్తి

పొందూరులో మా లోలాక్షి పిన్ని
రాట్నం గదిలోని మెలికల బల్బు
ఈమధ్య వెలగడానికి బద్ధకిస్తోంది.
స్విచ్చి వేస్తే జబ్బు మనిషిలా లేచి కూర్చుని
దమ్ము తీసుకుని
ఏకు కొస కనబడేసరికి పావుగంట.
గొట్టాల మొదట్లో మసి.
"మార్చీరా బాబూ,
కాలేజీ ల్యాబులో ముప్పయ్యేళ్ళు సీసాలు కడిగినోడివి,
నీకు తెలీందేటుంది" అంది.

మెయిన్ ఆపాను.
దాని ఒళ్ళు చల్లారేదాకా ఆగాను.
స్టూలెక్కి, గాజును కాదు,
తెల్లటి మెడను పట్టుకుని
పైకి నొక్కి తిప్పాను.
అన్నీ సరిగ్గానే చేశాను.
తుప్పు పట్టిన హోల్డరు
ఉన్నట్టుండి పట్టు వదిలింది.
వేళ్ళ మధ్య మెడ మిగిలింది,
గాజు కిందికెళ్ళింది.

చప్పుడు పెద్దదేం కాదు.
అప్పడం విరిగినంత.

మనవడు ఢిల్లీశు చీపురు కోసం పరిగెత్తాడు.
"ఒద్దు!"
నా గొంతు నాకే కొత్తగా వినబడింది.
ఊడిస్తే లేస్తుంది, కంటికి ఆననిది.
కిటికీలు బార్లా తెరిచి, అందర్నీ బయటికి తోలి
తలుపు మూసి అరుగు మీద కూర్చున్నాం,
పదిహేను నిమిషాలు.
ఎదురింటివాళ్ళు లోపల పాముందనుకున్నారు.

"అందులో ఏటుందిరా?"
పాదరసం పిన్నీ. సూది మొన మీద నిలిచేటంత.
"అంతేనా?"
అంతేనని నేనూ అనుకున్నాను,
ఉద్యోగంలో చేరిన ఏడు
బారోమీటరు పగిలిన రోజు.
ఆ వెండి చుక్కల్ని అరచేతిలో పోసుకుని
దొర్లించి పిల్లల్ని నవ్వించాను.
సాయంత్రానికి నా పెళ్ళి ఉంగరం తెల్లబడింది.
బంగారం అమ్ముకుని వెండిది పెట్టుకొచ్చానని
మా ఆవిడ మూడ్రోజులు మాట్లాడలేదు.
ఆ నవ్వుల మధ్య ఎంత పీల్చానో
ఏ త్రాసూ చెప్పలేదు.

మళ్ళీ లోపలికి.
పాత శుభలేఖ అట్టను రెండుగా చింపి
ఒకదాంతో ఇంకోదాని మీదికి ముక్కలు తోశాను.
పొడికి అంటుపట్టీ, ఆ తర్వాత తడి కాగితం.
పట్టీ, కాగితం, అట్టా కూడా
గట్టి మూత సీసాలోకే.
లేచి చూస్తే పిన్ని గుమ్మంలో ఉంది.
నన్ను చూడటం లేదు.

బల్బుకి సరిగ్గా కింద
ఎండిన అరటి దొప్ప. అందులో ఏకులు.
వలుగ చేప దవడతో దువ్వి, గింజ తీసి,
ఏకి, చుట్టి పెట్టిన
వారం రోజులు.
"దులిపితే?"
పోదు.
"ఉతికితే?"
నీళ్ళలోకెళ్తుంది.
దూది మధ్య గాజు
సూదిలా మెరుస్తోంది.
"ఏకు మేకవడమంటే ఇదేనేట్రా" అని
నవ్వింది. నవ్వేనా అది.

కవరు పట్టుకుని నేను వంగబోతే
"నానే ఏస్తాను" అంది.
నా చేతి తొడుగులు తీసుకుని తొడుక్కుంది.
దొప్పతో సహా కవర్లో పెట్టి
ముడి మీద ముడి వేసింది.
చేతులు కడుక్కొచ్చాక
రొండిన దోపుకున్న చేప దవడను
ఒకసారి తడిమి చూసుకుంది.

కొత్త ఎల్ఈడీ వెంటనే వెలిగింది.
దమ్ము తీసుకోలేదు.
ఆ తెలుపులో మూలల బూజు కూడా బయటపడింది.
"దీన్లో ఏటుంది మరి?"
పాదరసం లేదు పిన్నీ.
"లేందాని సంగతి కాదురా,
ఉన్నదాని సంగతి అడుగుతున్నాను."

పంచాయతీ బండి కుర్రాడు
తడి చెత్తా పొడి చెత్తా అన్నాడు.
రెండూ కాదన్నాను.
బండి కదిలిపోయింది.
సీసానీ కవర్నీ పెయింటు డబ్బాలో దించి
ఆమదాలవలస బస్సులో ఒళ్ళో పెట్టుకొచ్చాను.
"ఆవకాయా?" అన్నాడు కండక్టరు.

ఇప్పుడది ల్యాబు బీరువాలో, కింది అరలో ఉంది.
ఎవరు పట్టుకెళ్తారని ఉత్తరం రాస్తే
జవాబింకా రాలేదు.
మూత మీద చీటీ అంటించాను:
పాదరసం. తెరవొద్దు.
దాని కింద చిన్నక్షరాల్లో, ఎందుకో,
ఒక వారం పత్తి.