గరుకు పక్క

టైంటేబుల్ నాలుగోసారి రాసినా.
ఈసారి ఆకుపచ్చ స్కెచ్చుపెన్నుతో, అంచులకు పూలు గూడా ఏసి.
పొద్దున నాలుగ్గంటలకు లెక్కలు అని దాంట్లో ఉంది.
నాలుగ్గంటలకు సిమెంటు ఫ్యాక్టరీ కూత కూసింది,
దుప్పటి ఇంగొంచెం పైకి లాక్కున్నా.

పది పరీక్షలకు ఇరవైరెండు దినాలు.
పాసైతే సెల్లు కొనిస్తానన్యాడు మామ.
తప్పితే పాలిష్ మిషను కాడ నిలబెడతానన్యాడు నాయన.
జేజి పదకొండు రూపాయలు పసుపుగుడ్డలో ముడేసి
దేవుని పటం ఎనక పెట్టింది.
సుంకన్న సారు ప్రేయర్‌లో భవిష్యత్తు గురించి
ముప్పావుగంట చెప్పినాడు,
ఎండకు మా క్లాసు లింగమ్మ కండ్లు తిరిగి పడింది.
ఏదీ నా లోపలికి దిగల్యా.
పుస్తకం తెరిస్తే
పేజీ నన్ను చూస్తాది, నేను గోడ మీద బల్లిని చూస్తా.

ఆ సాయంత్రం నాయనకు క్యారియర్ తీస్కపోయినా,
ఎర్రగుంట్ల రోడ్డు పక్క బండల షెడ్డుకు.
కరెంటు పోయింది.
మిషన్లన్నీ ఒక్కసారే నోరు మూసుకున్నాయి.
మోచేతుల దాకా బూడిదరంగు బురద కడుక్కొని
నాయన సంగటి ముద్ద తుంచుతా కూచున్యాడు.
లోడుకు తయారైన బండలు వరసగా,
నున్న పక్క గోడకల్లా, గరుకు పక్క నాకల్లా.
కాలి కాడ సుద్దముక్క, కొలతలు గీసేది.

ఊరికే, చేతికేం తోచక,
ఎక్స్ స్క్వేర్ మైనస్ ఏడు ఎక్స్ ప్లస్ పన్నెండు
ఈజ్ ఈక్వల్ టు సున్నా అని రాసినా.
సుద్ద కిర్రుమంటాంటే
నోటుబుక్కులో ల్యాని సుఖమేదో.
నాలుగు వరసల్లో మూలాలు తేలినాయి:
మైనస్ మూడు, మైనస్ నాలుగు.
కింద రెండు గీతలు కొట్టి, చేతులు దులుపుకొని
రాణి మాదిరి ఇంటికొచ్చినా.

నడిరేయి. జేజి గురక.
ఉన్నట్టుండి కడుపులో కలుక్కుమంది.
మైనస్ యాడిది?
తొమ్మిది, ఇరవైఒకటి, పన్నెండు,
చీకట్లో వేళ్ల మీద కూడితే నలభైరెండు.
సున్నా రావల్సిన కాడ నలభైరెండు!

పరిగెత్తినా,
ఏ టైంటేబులూ లేపలేని నాలుగ్గంటలకు.
గోడ ఖాళీ. నేల మీద గడ్డిపోచలు, టైర్ల అచ్చులు.
"రెండుకే పోయిందమ్మీ లోడు, హోసూరుకు"
అన్యాడు దస్తగిరి, బీడీ ఆర్పుతా.
"బండ మీద లెక్క రాసింటి మామా, తప్పు రాసింటి."
నవ్వినాడు. "గరుకు పక్క కిందికే గదా ఏసేది.
సిమెంటులో పూడిపోతాది. ఎవురు చూస్తారు?"

ఎవురూ చూడరు.
అదే నన్ను తినేసింది.
ఎవరిదో కొత్త ఇల్లు, పాలు పొంగిస్తారు,
ఆ బండ మీద ఒక బిడ్డ మొదటిసారి
ఏమీ పట్టుకోకుండా నిలబడతాది,
దాని అరికాలికి అంగుళం కింద
నా మైనస్ మూడు.
బిడ్డ పెద్దదైతాది, ముసిల్దైతాది,
అది మాత్రం తప్పుగానే ఉంటాది.

ఇంటికొచ్చి నోటు తీసినా. ఎవురూ చెప్పల్యా.
ప్లస్ మూడు, ప్లస్ నాలుగు.
తిరిగి ఎక్కించి చూసినా. సున్నా.
ఎంత చల్లగా ఉన్నిందో ఆ సున్నా, కుండనీళ్ల మాదిరి.
దాని తర్వాతిది చేసినా.
ఆ తర్వాతిది రాల్యా.
పీరాంబీ ఇంటికి పోయి, రెండు తిట్లు తిని నేర్చుకున్యా.

ఇప్పుడు మాపటేళ షెడ్డులోనే కూచుంటా, బండకొక లెక్క.
ఈ పొద్దు తొమ్మిది బండలు,
మూడింటిని నీళ్లు పోసి కడిగినా.
త్రికోణమితి ఇంకా బండ ఎక్కల్యా,
దానికీ నాకూ మాటల్లేవు.
టైంటేబుల్ కాయితంలో జేజి వక్కలు కట్టుకుంది.
పరీక్ష ఏమైతాదో తెలీదు.

లారీ వెనక్కొచ్చి నిలబడింది.
నాయనకు అక్షరం రాదు.
బండ అంచు కింద వేళ్లు పెట్టి, ఎత్తకుండా,
నాకల్లా చూసి అడుగుతాడు:
"అమ్మీ, ఇది పంపొచ్చునా?"

ఉండు నాయనా.
ఇంగొక్కసారి చూస్తా.