ముందు ఏ ఫోల్డరు

మొదట అది కప్పే అనుకున్నాను.
రాత్రి పదకొండున్నరకి, బల్ల మీద,
టక్.
కాస్త ఆగి
టక్ టక్.

బాలరాట్‌లో జూలై. కిటికీ అద్దానికి బయట మంచు పేరుకుంటోంది.
ఈ చలికి గొంతు విప్పే జాతులు నాకు తెలిసి రెండే,
రెండూ ఇంత తాళం తప్పకుండా పలకవు.
వంగి చెవి పెట్టాను.
అరచేతంత నల్ల పెట్టె.
బయట గడియ పడ్డ గదిలోంచి
ఎవరో మర్యాదగా తలుపు తడుతున్నట్టు.

ఎనిమిదేళ్ళ కప్పలున్నాయి అందులో.
వాగుకో ఫోల్డరు, వానకో ఫైలు.
"ఇంకో కాపీ ఉంచుకో" అని మెరిన్ అన్నప్పుడల్లా
"రేపు" అన్నాను.
రేపు అనే మాటలో ఎప్పుడూ
ఒక టెరాబైటు ఖాళీ ఉంటుంది.

అడిగితే తలో వైద్యం చెప్పారు.
తలకిందులుగా పెట్టి చూడమని అడిలైడ్ నుంచి కోదండపాణి బావ.
మెల్బోర్న్ షాపువాడు రెండువేల రెండొందల డాలర్లన్నాడు,
వస్తుందని మాట మాత్రం ఇవ్వనన్నాడు.
ఫ్రీజర్లో పెట్టమన్నాడు ఆఫీసులో డెక్లన్, నవ్వకుండా.

పెట్టాను.
బఠాణీల సంచీకీ కరివేపాకు పొట్లానికీ మధ్య
రెండు గంటలు.

తీసి, తడి తుడిచి, తీగ తగిలిస్తే
తెర మీద దాని పేరు వచ్చింది.
స్పృహ వచ్చిన రోగి మంచం పక్కన
ఏమడగాలో తోచని చుట్టంలా నించున్నాను.

ముందు ఏ ఫోల్డరు?

నిజం చెప్పేస్తాను.
నా చెయ్యి ముందు పన్ను కాగితాల మీదికి పోయింది.
మూడు నిమిషాలు. అవి క్షేమం.

ఆ తర్వాతే
డెలకోంబ్ వెనక పల్లం.
ఇప్పుడక్కడ నూటనలభై ఇళ్ళు,
అన్నింటికీ ఒకే బూడిదరంగు గరాజు తలుపు,
నీళ్ళు నిలిచిన చోట సూపర్‌మార్కెట్ ట్రాలీల షెడ్డు.
మిగతా వాగులు ఇంకా ఉన్నాయి, మళ్ళీ పోవచ్చు,
బూట్లున్నాయి, టార్చి ఉంది.
ఈ ఒక్క నీటికి పోయే దారి మాత్రం
ఈ పెట్టెలోంచే.

లాగి ఇటు పడేశాను.
పదకొండు నిమిషాలంది.
తర్వాత నాలుగు గంటలంది.
తర్వాత తొమ్మిది రోజులు.
తర్వాత నలభై సెకన్లు.
మా మేనత్త "ఇదిగో, వీధి చివర ఉన్నా" అన్నట్టే.

టక్.
ఆకుపచ్చ గీత ఆగితే నేను ఊపిరి బిగబట్టి,
అది కదిలితే వదిలి,
స్టవ్ మీద అన్నం మాడుతున్న వాసన తెలుస్తూనే
లేవకుండా,
నేను లేస్తే అది చస్తుందేమోనని.
చదువుకున్నదాన్నే.

మూడొందల నలభైలో రెండొందల పన్నెండు.
ఆ తర్వాత టక్ కూడా లేదు.
ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే మూలుగుతోంది.

వచ్చినవాటిలో ఏదో ఒకటి నొక్కాను.
మెరిన్ గొంతు: "సెప్టెంబరు పద్దెనిమిది. ఎనిమిది డిగ్రీలు. గాలి లేదు."
ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు.
చీకటి చప్పుడు.
తెగిన తీగని మీటినట్టు ఒక మగ కప్ప, టొంగ్,
దూరంగా ఇంకోటి జవాబు.
ఆ మధ్యలో నేను:
"అబ్బా, బూటు బురదలో ఉండిపోయింది."
తెలుగులో.
ఎవరితో అన్నానో.
"అవునమ్మా" అంది మెరిన్ తన ఇంగ్లీషులో,
ఒక్క ముక్క అర్థం కాకుండానే.
టొంగ్.

పొద్దున్నే ఫోన్ చేసి ఒప్పుకున్నాను.
ఏవి పోయాయని అడిగింది, పేర్లు పేర్లుగా.
రాసుకుంటున్నట్టుంది, పెన్సిలు గీత వినిపించింది.
"శనివారం వానట" అంది చివరికి.
ఆమెకి డెబ్భై ఎనిమిది.

కొత్త పెట్టెలు రెండు కొన్నాను.
నాలుగు రోజులైంది,
అట్ట ఇంకా విప్పలేదు.