నలభై శాతం

తెల్లవారుజామున నాలుగింటికి
కెంటకీ పడమటి కొసలో పదకొండు కౌంటీలకి
ఇవాళ్టిని నేనే టైపు చేస్తాను.
ఎండ. ఉక్క. మధ్యాహ్నం దాటాక
అక్కడక్కడా ఉరుములతో జల్లులు.
అవకాశం నలభై శాతం.
నిన్నా ఇదే. మొన్నా ఇదే.
తారీఖు ఒక్కటే మార్చాను.

"అక్కడక్కడా" అన్న మాట మీద
ఎంతమంది బతుకుతున్నారో
పక్క కుర్చీలో డెల్బర్ట్‌కి తెలీదు.
కొత్తవాడు. రాడార్ మీద పచ్చ మరక కనిపిస్తే
ఇంకా మురిసిపోతాడు.

హాచెల్ గడ్డి కోసి చేలోనే పరిచాడు.
మూడు పొడి రోజులు కావాలతనికి, మూడే.
కంచెకి ఇవతల వెర్లీన్ స్ట్రౌడ్ మొక్కజొన్న
ఆకులు చుట్టలు చుట్టుకుని
ఒక్క తడుపు కోసం నిలబడి ఉంది.
ఇద్దరూ నాకే ఫోన్ చేస్తారు.
ఇద్దరికీ ఒకే అంకె చదువుతాను.
అతను అరవై వింటాడు,
ఆమె నలభై వింటుంది.

పెట్రోలు బంకులో వెర్లీన్ నన్ను ఆపి అడిగింది:
"నలభై అంటే, ఎవరి నలభై?"
దానికి జవాబు కాలేజీలో చదువుకున్నాను.
ఆమె అరచేతుల్లో పగుళ్ళు చూశాక
చెప్పబుద్ధి కాలేదు.

ఈ ఉక్క సంగతి చెప్పాలి.
ఇది ఎండలా మీద పడి కొట్టదు.
తడి గోనెపట్టాలా కప్పుకుంటుంది.
ఒహైయో నది లేచి వచ్చి
మన మెట్ల మీద కూర్చున్నట్టుంటుంది.
ఉప్పు డబ్బాలో ఉప్పు రాయయింది.
చర్చిలో పాటల పుస్తకాల అట్టలు మెలితిరిగాయి.
కుక్క సిమెంటు నేలకి పొట్ట ఆనించి
పేరు పెట్టి పిలిచినా చెవి కదపదు.
ఫారన్‌హీట్‌లో తొంభై ఆరు;
ఒంటికి తెలిసేది నూటతొమ్మిది.
మధ్యలో ఆ పదమూడూ ఎక్కడివంటే
మన చెమటవే,
ఆరడానికి చోటు దొరకని చెమటవి.

అడుగున ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది:
ఇరుగుపొరుగున ఒంటరి వృద్ధులుంటే ఒకసారి చూసి రండి.
నేను రాసింది కాదు. నాకంటే ముందెవరో రాశారు.
జూన్ నుంచి కాపీ చేసి అతికిస్తున్నాను.
ఇవాళ అతికించాక
వేలు మీట మీదే ఆగిపోయింది.
మా గోడకి అవతల ఆర్విల్ పికెన్స్. ఎనభై మూడు.
అతని కిటికీలో ఏసీ మోత
విని ఎన్నాళ్ళయింది?
ఆదివారమా?
అంతకు ముందా?

డ్యూటీ దిగి, మా ఇల్లు దాటి, ఆ తలుపు కొట్టాను.
మళ్ళీ కొట్టాను.
పొద్దస్తమానం అంకెలతో బతికే మనిషిని,
నాలుగో దెబ్బ తర్వాత
లెక్క తప్పింది.

"తెరిచే ఉంది, తొయ్యమ్మా!"
లోపల్నుంచి, చిరాగ్గా.

వంటింట్లో ఉన్నాడు. కాళ్ళు రెండూ ఐసునీళ్ళ బకెట్లో,
మెడ మీద తడి తువ్వాలు,
ఒళ్ళో రేడియో,
రేడియోలో నా మాటలు ఎవరిదో గొంతుతో.
ఏసీ చెడిపోయి తొమ్మిది రోజులట.
"నాకు చెప్పొచ్చుగా?"
"నువ్వు రోజూ చెబుతూనే ఉన్నావుగా, చూసి రమ్మని.
ఎవరన్నా వింటారేమోనని ఆగా."

టొమేటో ఒకటి చక్రాలుగా కోసి
ఉప్పుగడ్డ చాకుతో గీకి చల్లి ఇచ్చాడు.
నిలబడే తిన్నాను. రసం మోచేతి దాకా కారింది.
మెకానిక్ శుక్రవారం అన్నాడు.
మా ముందుగదిలో మంచం వాల్చాను.
సణుగుతూనే వచ్చాడు, బకెట్‌తో సహా.

నాలుగున్నరకి ఉరిమింది.
ఇద్దరం వరండాలోకి వచ్చాం.
పడమట ఒకే ఒక్క మబ్బు, కాలీఫ్లవర్‌లా ఉబ్బి,
అడుగున బొగ్గు నలుపు.
చూస్తుండగానే వానకాళ్ళు దిగాయి,
హాచెల్ గడ్డి మీద. సరిగ్గా గడ్డి మీద.
ఎక్కడో ఉరిమి ఆ మంగలం మీదే పడాలా?
కంచె దాకా వచ్చి ఆగింది.
వెర్లీన్ మొక్కజొన్నకి
తడిమట్టి వాసన మాత్రం అందుంటుంది.

"నా మోకాలు ముప్పై అంది" అన్నాడు ఆర్విల్,
"నీ నలభై కన్నా అదే నయం."

మా కమ్మీ మీద ఒక్క చినుకు పడింది.
బొటనవేలితో అద్ది నా ముందు పెట్టాడు:
"ఇది నీ లెక్కలోకి వస్తుందా?"

లోపల ఫోన్ మోగుతోంది.
హాచెల్ అయ్యుంటాడు.