నిదానం దోవ

శుక్రవారం. మాలియా బస్టాండు పక్కన
గోడ నీడ జానెడు.
ఆ జానెడులోనే నేనూ, సువార్తమ్మా,
మధ్యలో గళ్ల నోటుబుక్కు.
మా పిల్లోడు లెక్కలు చేసి పారేసింది.
వెనక అట్ట కాడ్నించి మా దేశాలు మొదలైతాయి.

ఏడు దేశాలు చూసినా నేను.
కావాలంటే పాస్‌పోర్టు సాక్ష్యం చెప్తాది.
తీరా చెప్పమంటే
ఇస్తాంబులు అంటే పాలసీసా మూత దొర్లిపోయిన చోటు.
ట్రాబ్జోను అంటే రెండోది నా ఒళ్లో కక్కిన మలుపు.
లండన్లో వాన. గొడుగు మేడమ్ మీద, తడి నా మీద.
ఓడ ఎక్కినా, ఓడను చూడల్యా.
పిల్లోని ముక్కు తుడుస్తా ఉంటి,
సముద్రం నా వీపు తట్టు ఉండె.

"అయితే మళ్లీ వెళ్దామే,
ఈసారి మొహం అటు పెట్టుకుని"
అన్యాది సువార్తమ్మ.
రాజోలు మనిషి. గోదారి పంటు మీద
మేకల మధ్య నిలబడి బడికి పొయ్యిన మనిషి.

రాసుకున్యాం.
విమానం ఒక్కసారే, పొయ్యేటప్పుడు. తప్పదు కాబట్టి.
ఆన్నించి ఉరుకు లేదు.
ట్రాము. దిగబుద్ధి అయినకాడ దిగేది.
ఓడ. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒకసారి,
టీ తాగడం కాలేదని ఇంకోసారి.
రాత్రి రైలు.
మా లక్కిరెడ్డిపల్లెకు రైలు రాలా, నేనూ దాని దగ్గరికి పోలా,
ఏర్‌పోర్టుకు జీపులోనే వచ్చినా.
అందుకని పై బెర్తు నాది.
పొద్దుగూకులు కొండలెంబడి బస్సు,
ఆపితే ఆపనీ, టైరు పోతే పోనీ.
కొండమీదికి తీగకు యాలాడే పెట్టె ఉంటాదంట.
దాని పక్కన సువార్తమ్మ తన చేత్తోనే రాసింది:
నేను కింద. చెయ్యి ఊపుట.

నాలుగో రోజు కాడ ఏమీ రాయలా.
మర్చిపోయి కాదు.

నీడో డబ్బాలో నూట నలభై దినార్లు,
ఆమె కాడ ఇంకో తొంభై, చెవులవి అమ్మితే ఇంకొంచెం.
అమ్మదు, నాకు తెలుసు. రాసినాం, అంతే.
పాస్‌పోర్టు మేడమ్ సొరుగులో,
సొరుగు తాళం అత్తరు సీసాల యెనక.
అడగాల.
"ఎవరు పోయినారు?" అంటాది ముందు.
తర్వాత "పెండ్లా?"
చావు లేదు మేడమ్, పెండ్లి లేదు,
ఆడ మాకోసం కాసుకోని ఉండేవాళ్లు ఒక్కరూ లేరు,
అందుకే పోతాండాం.
ఈ మాట అరబ్బీలో నాకు రాదు.
పద్నాలుగేండ్లకు వచ్చిన అరబ్బీ అంతా
తెస్తా, పోతా, అయిపోయింది, ఇప్పుడే.
నిదానానికి ఒక మాట ఉండాది, శ్వయ్ శ్వయ్,
పిల్లోడు మెట్లు దిగేటప్పుడు అరిచేది.
ఒక్కసారన్నా నాకోసం అనుకోల్యా.

పోయిన వారం పరీక్షకని
ఫహాహీల్ బస్సెక్కినాం, పనేమీ లేకుండా.
సువార్తమ్మ పులిహోర తెచ్చింది, నేను చెనిక్కాయల పొడి.
రెండింటికీ పొత్తు కుదరదు, అయినా తిన్యాం.
చివరి స్టాపులో అందరూ దిగినారు, మేము దిగలా.
డ్రైవరు, బంగ్లా పిల్లోడు, అద్దంలోంచి
ఎక్కడమ్మా మీరు దిగేది అని చేత్తో అడిగినాడు.
"ఎక్కిన దగ్గరే" అంది సువార్తమ్మ, తెలుగులోనే.
వానికి ఎట్ల అర్థమాయెనో, బీడీ కాల్చుకోను పాయె.

కిటికీ పోయేటప్పుడు ఆమెది, వచ్చేటప్పుడు నాది,
అదీ ఒప్పందం.
పోయేటప్పుడు ఆమె పక్కనంతా సముద్రం,
దూరంగా ఒక నూనె ఓడ, కదిలిందో లేదో.
వచ్చేటప్పుడు అదే సీటు, అదే కిటికీ,
ఆమెను నెట్టి నేను కూచుంటే
సముద్రం అవతలి తట్టుకు పొయ్యి
నాకు మిగిలింది గోడౌన్లు, కార్లు కడిగే షెడ్లు.
నవ్వి నవ్వి సువార్తమ్మకు పొరబోయింది.

దిగినాక గోడ నీడలో
అన్నిటికన్నా పైన ఒక గీత గీసి
పెద్ద అక్షరాలతో రాసినా:
ఏ బండి ఎక్కినా సరే,
నీళ్లు ఏ తట్టు వస్తాయో
ముందే అడగాల.